ఆశ, ఆకాంక్ష, సమయము: అంతరిక్షవ్యూహక్రీడలలోని కలహములను గూర్చి

ఒక కావ్యమును సగము చదివి పడుకొన్న పాఠకుడు మఱునాడు గ్రంథము తెఱచునప్పటికి అందలి రెండు ఆశ్వాసములు మాఱిపోయి యుండుట ఎన్నడును జరుగదు. అచ్చుపుస్తకమునకు ఆ శక్తి లేదు. తాళపత్రమునకు అంతకంటెను లేదు. నేడు లక్షలమంది ఆడుచున్న కంప్యూటరు ఆటలకు మాత్రము ఆ శక్తి కలదు. రాత్రి ఆడి నిలిపిన ఆట తెల్లవాఱునప్పటికి వేఱొక నియమావళితో ఎదురు కావచ్చును. అంతరిక్షమును రంగముగా గొన్న వ్యూహక్రీడలయందు ఇట్టి మార్పులు ఆటగాండ్రకును తయారీదారులకును, ఆటగాండ్రలో ఒక పక్షమునకును మఱియొక పక్షమునకును పెక్కు కలహములు తెచ్చిపెట్టినవి. వీనిని వ్యాపారవార్తలుగా వర్ణించువారు కలరు. యువజనుల వ్యసనముగా నిందించువారు అంతకంటె ఎక్కువగా కలరు. పాఠము, పాఠభేదము, పాఠకుని హక్కు అను విషయములు నిత్యము విచారించు తెలుగుశాఖలవారు ఈ కలహములను తమ దృష్టితో ఒకమాఱు చూడవలసియున్నదని నా అభిప్రాయము.

నెల్లూరు తీరవాసులకు అంతరిక్షమను మాట క్రొత్తది కాదు. 1971 నుండి శ్రీహరికోటలో రాకెట్లు ఎగయుచున్నవి. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనమున ఆ ద్వీపము తిరుపతి జిల్లాలో చేరినను నెల్లూరివారు దానిని తమదిగనే చెప్పుకొందురు. ప్రయోగమునాడు ఇందుకూరుపేటలోను మైపాడులోను మిద్దెలెక్కి దక్షిణపుదిక్కు చూచు కుటుంబములు ఇప్పటికిని కలవు. ఆ యిండ్లలోని పిల్లలే పెరిగి రాత్రులందు కంప్యూటరు ముందు కూర్చుండి నక్షత్రసామ్రాజ్యములు కట్టుచున్నారు. కనుక ఈ విషయము మనకు దూరదేశపు వింత కాదు.

ముందుగా ఈ క్రీడాజాతి లక్షణమును కొంచెము చెప్పవలెను. 1993లో 'మాస్టర్ ఆఫ్ ఒరియన్' అను ఆట వెలువడినప్పుడు ఆలన్ ఎమ్రిచ్ అను విమర్శకుడు 'కంప్యూటర్ గేమింగ్ వరల్డ్' పత్రికలో దానిని పరిచయము చేయుచు, ఇందు ఆటగాడు చేయు పనులు నాలుగనియు, ఆ నాలుగింటి ఆంగ్లనామములలోను 'ఎక్స్' అను ధ్వని ప్రధానమనియు చమత్కరించెను. అన్వేషణము, విస్తరణము, వనరుల వినియోగము, శత్రువినాశము అనునవి ఆ నాలుగు పనులు. నాటినుండి ఈ జాతికి 'ఫోర్-ఎక్స్' అని పేరు స్థిరపడినది. లక్షణకర్త పెట్టిన పేరు జాతినామమగుట మన అలంకారశాస్త్రమున ఎఱిగినదే. ఇక్కడి విశేషమేమనగా, పేరు పెట్టిన ఆ విమర్శకుడే తరువాత 'మాస్టర్ ఆఫ్ ఒరియన్' మూడవ భాగపు రూపకల్పనలో కొంతకాలము పనిచేసెను. 2003లో వెలువడిన ఆ మూడవ భాగమును మొదటి రెండింటి అభిమానులు ఆదరింపలేదు. తొలి భాగములలో ఆటగాడు స్వయముగా చేసిన పనులను ఇందు యంత్రమే చాలవఱకు చేసికొనిపోవుట వారి ముఖ్యమైన ఆక్షేపణ.

ఆ ఆక్షేపణ న్యాయమా కాదా అని నిర్ణయింపవలెనన్న ఒక భేదము అవసరము. ఆటగాండ్రు తమ అసంతృప్తిని చెప్పునప్పుడు 'మేము ఎదురుచూచినది ఇది కాదు' అందురు. ఈ ఎదురుచూపు ఒక్కటి కాదు, రెండు. మన శాస్త్రకారులు వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడు హేతువులు చెప్పిరి. ఇందు ఆకాంక్ష యనునది శ్రోత మనసులోని కోరిక కాదు. 'రాముడు రావణుని' అన్నంత మాత్రమున వినువానికి క్రియాపదముకొఱకు అపేక్ష కలుగును; ఆ అపేక్షను పుట్టించినది ఆ పదములే. వినువాడు రావణుని బ్రదికింపవలెనని కోరినచో అది అతని ఆశ. వాక్యమునకు ఆ ఆశతో సంబంధము లేదు. పాఠము తానై పుట్టించిన అపేక్షకు పాఠము బదులు చెప్పవలెను. పాఠకుడు తన యింటినుండి తెచ్చుకొన్న ఆశకు బదులు చెప్పవలసిన బాధ్యత పాఠమునకు లేదు. ఆటలను గూర్చిన తగవులలో అధికభాగము ఈ రెంటిని కలిపివేయుటవలననే పుట్టుచున్నది.

ఒరియన్ మూడవ భాగమునకు తిరిగివత్తము. అది వేఱొక గ్రంథము. మొదటి రెండు భాగములు చెడలేదు. వానిని ఆడువారు నేటికిని ఆడుచున్నారు. కావున ఇచట ఎవరి సొత్తును ఎవరును అపహరింపలేదు. అయినను పేరును నిలిపికొనుటవలన ఒక ఆకాంక్ష పుట్టినది. మన వాఙ్మయమున దీనికి మహోదాహరణము ఎఱ్ఱాప్రగడ. నన్నయభట్టు అరణ్యపర్వమున కొంతభాగము వ్రాసి విడిచెను. తిక్కన ఆ శేషమును ముట్టక విరాటపర్వమునుండి ప్రారంభించి, కృతిపతిని మార్చి, తన మార్గమున తాను సాగెను. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును పూరించునపుడు తన ప్రభువును కాక రాజరాజనరేంద్రునే సంబోధించి, నన్నయ రచనగనే నడపెను. ఆరంభమున నన్నయ ఫణితిని అనుసరించి క్రమముగా తిక్కన ఫణితికి చేరెనని విమర్శకులు చెప్పుదురు. సగములో ఆగిన పర్వము పుట్టించిన ఆకాంక్ష యేదో ఎఱ్ఱనకు తెలియును. తిక్కనకు ఆ బాధ్యత లేదు, ఏలయన ఆయన క్రొత్త పర్వమును ఎత్తుకొన్నాడు. ఒరియన్ మూడవ భాగమును కట్టినవారు తిక్కన స్వేచ్ఛను కోరుచు ఎఱ్ఱన చేపట్టిన పనికి పూనుకొనిరి. వారి వైఫల్యమును నేను ఇట్లు అర్థము చేసికొనుచున్నాను.

1999లో మొదలై 2024 మేలో మూడవ భాగమును చూచిన 'హోమ్‌వరల్డ్' విషయమును ఇదే త్రాసున తూచవచ్చును. ఒక జాతి తన మూలస్థానమును వెదకికొనుచు అంతరిక్షమున చేయు మహాప్రస్థానము మొదటి భాగపు కథ. మూడవ భాగమున కథ కొలది వ్యక్తుల సంభాషణలకు కుదించుకొనిపోయినదని ఆటగాండ్రు నిరసించిరి. అది ఆకాంక్షాభంగమే కాని అంతకు మించినది కాదు. పాత ఓడలు పాత చోటనే యున్నవి.

అసలు చిక్కు ఆడుచున్న ఆటయే మాఱినపుడు. ఇందుకు 'స్టెల్లారిస్' కంటె మంచి ఉదాహరణము లేదు. స్వీడను రాజధాని స్టాక్‌హోములోని పారడాక్స్ సంస్థ దీనిని 2016 మే 9వ తేదీన విడుదల చేసినది. తొలి పాఠమున నక్షత్రమునుండి నక్షత్రమునకు పోవుటకు మూడు పద్ధతులు. 'వార్ప్' అను పద్ధతిలో ఓడ తన శక్తిమేరకు ఏ దిక్కునకైనను పోవచ్చును, కాని నెమ్మదిగా. 'వర్మ్‌హోల్' పద్ధతిలో ఒక కేంద్రమును నిర్మించి దాని పరిధిలోని నక్షత్రమునకు ఒక్క దాటున చేరవచ్చును. 'హైపర్‌లేన్' పద్ధతిలో ముందే గీయబడిన దారుల వెంటనే సాగవలెను. ఆట ఆరంభమున ఆటగాడు ఈ మూడింటిలో ఒకదానిని తన జాతికి ఎన్నుకొనవలెను. 2017 నవంబరులో తయారీదారులు ఈ మూడు పద్ధతుల ఎన్నికను తొలగించి అందఱిని దారులకే కట్టివేయుదుమని ప్రకటించిరి. 2018 ఫిబ్రవరి 22న 2.0 సంఖ్యగల పాఠము ఆ ప్రకారమే వచ్చినది. ఆ సంవత్సరమే డిసెంబరులో 2.2 పాఠము గ్రహముల గళ్ళపలకను ఎత్తివేసి, మండలములు, వృత్తులు అను క్రొత్త ఏర్పాటు తెచ్చినది. వైజ్ఞానికకల్పనారచయితల పేర్లు ఈ పాఠములకు పెట్టుట అక్కడి ఆచారము. క్లార్క్, అసిమోవ్, హైన్‌లైన్, చాపెక్ పేర్లు ముందు వచ్చినవి, 2.0 పాఠమునకు సి. జె. చెర్రీ పేరు, 2.2 పాఠమునకు లె గ్విన్ పేరు పెట్టిరి. పాఠభేదములను కవులపేరిట వ్యవహరించు ఈ పద్ధతి మన పరిష్కర్తలకు నచ్చునని తలంతును.

2.0 మార్పు కళాదృష్టితో సరియైనదని నా నిశ్చయము. మూడు పద్ధతులు కలిసియున్నపుడు సరిహద్దునకు అర్థము లేకపోయెను. కోట యెక్కడ కట్టినను శత్రువు దానిని దాటి వేఱొక దిక్కున దిగును. కనుమలు లేని దేశమున దుర్గము నిరర్థకము. యుద్ధము పెద్ద నౌకాదళము చిన్నదానిని తఱుముటగా మాత్రమే మిగిలెను. వ్యూహమను పేరు గల క్రీడలో వ్యూహమునకే చోటు లేదు. దారులు ఏర్పడిన తరువాత కొన్ని నక్షత్రములు కనుమలైనవి. వానిని పట్టుటకును విడుచుటకును విలువ కలిగినది. కౌటిల్యుడు దుర్గమును రాజ్యాంగములలో ఒకటిగా ఎందుకు చెప్పెనో ఈ ఆట 2.0 నుండియే తెలియజెప్పగలిగినది.

అయినను ఆక్షేపించిన ఆటగాండ్రు అవివేకులు కారు. వారి వాదమును సానుభూతితో చదువవలెను. మార్గమును ఎన్నుకొనుమని ఆటగాని అడిగినది ఎవరు? ఆటయే. మొదటి పుటలోనే ఆ ప్రశ్నను నిలిపి, ఎన్నికకు తగిన ఫలము ఇత్తునని మాట యిచ్చినది. దీనిని ఆశ యనుటకు వీలు లేదు. ఇది పాఠము పుట్టించిన ఆకాంక్ష. అంతకంటెను బలమైనది, సమయము. సమయమనగా ఒప్పందము. కవిసమయమను మాటలో ఆ యర్థమే యున్నది: చకోరము వెన్నెల త్రాగునని కవియు పాఠకుడును అంగీకరించిరి, కనుక అది దోషము కాదు. క్రీడాసమయము అంతకంటె గట్టిది. కవిసమయమును నమ్మి పాఠకుడు పోగొట్టుకొనునది యేమియు లేదు. క్రీడాసమయమును నమ్మి ఆటగాడు నూర్లకొలది గంటలు వెచ్చించి ఒక విద్యను అభ్యసించును.

మా ప్రాంతమున నేనెఱిగిన ఒక తగవు ఈ సందర్భమున చెప్పదగియున్నది. ఇందుకూరుపేట మండలమున రొయ్యల గుంటలు గల ఒక యింట బావయు బావమఱిదియు కలరు. ఏరియేటర్లు ఆగకుండ రాత్రియంతయు కనిపెట్టుకొని యుండవలసిన పని వారిది. ఆ మెలకువలో ఇద్దఱును కలిసి స్టెల్లారిస్ ఆడెడివారు. బావ వర్మ్‌హోల్ పద్ధతిని సాధించినవాడు. కేంద్రములను ఎక్కడ నిలుపవలెనో అతనికి కంఠస్థము. 2018 తరువాత చిన్నవాడు క్రొత్త పాఠమునకు మాఱినాడు. 'పాతదే పట్టుకొని కూర్చుంటే ఎట్లా బావా, అందరూ మారినారు గదా' అని అతని మాట. 'మారితే మారనీ అబ్బయా, నేను నేర్చిన ఆట అది కాదు' అని పెద్దవాని జవాబు. ఒక సంఖ్యగల పాఠముతో ఆడువాడు వేఱొక సంఖ్యగల పాఠముతో ఆడువానితో కలిసి ఆడుటకు వీలులేదు. ఒకే గుడిసెలో, ఒకే దీపము క్రింద, ఇద్దఱును వేఱువేఱు విశ్వములలో ఒంటరిగా ఆడుకొనిరి. పెద్దవాని మాటలోని 'నేర్చిన' అను పదమును గమనింపవలెను. అతడు పోయినదన్నది వినోదము కాదు, విద్య.

ఇట్టి యిబ్బంది మన పాత ఆటలకు లేదు. పులిమేక ఆటకు గీతలు దేవాలయపు బండలమీద చెక్కియున్నవి. మూడు పులులు, పదునైదు మేకలు. ఊరూరికిని నియమములందు కొంత భేదము కలదు, కొన్నిచోట్ల పులుల సంఖ్యయు మాఱును. పొరుగూరినుండి వచ్చినవాడు కూర్చుండగనే 'మీ ఊళ్ళో ఎట్లా ఆడతారు' అని అడుగుట మర్యాద. ఒప్పందము కుదిరిన తరువాతనే మొదటి మేక దిగును. బండను రాత్రికి రాత్రి ఎవడును తిరుగ చెక్కలేడు. సమయము ఆటగాండ్ర చేతిలోనిది; బండకు యజమాని లేడు.

స్టెల్లారిస్‌కు యజమాని కలడు. ఆ యజమాని చేసిన ఒక మంచిపనిని ఇక్కడ గుర్తింపవలెను. స్టీమ్ అను విక్రయశాలద్వారా ఆటను కొన్నవాడు తలచినయెడల పాత పాఠములను ఎన్నుకొని ఆడుకొనుటకు ఏర్పాటు ఉంచబడినది. ఇందుకూరుపేట బావ ఆడినది ఆ ఏర్పాటు వలననే. సి. పి. బ్రౌను ఒకే గ్రంథమునకు పెక్కు ప్రతులు తెప్పించి పండితులచే సరిచూపించెను. తనకు నచ్చిన పాఠమును స్వీకరించినను మిగిలినవానిని తగులబెట్టలేదు. పరిష్కర్తకు స్వేచ్ఛ యెంతయైనను ఉండవచ్చును, పాత ప్రతి నిలిచియున్నంతవఱకు. పాత ప్రతిని మాపివేసి క్రొత్తదానిని దాని పేరిట నిలుపువాడు పరిష్కర్త కాడు. పాత పాఠములను విడిచియుంచని తయారీదారులు పెక్కుమంది కలరు. వారి ఆటలను గూర్చిన పరిశోధన నేటికే దుస్సాధ్యమగుచున్నది.

అభిమానులు స్వయముగా చేర్చుకొను 'మోడ్' అను చేర్పుల స్థితి ఇంకను చిక్కైనది. 'స్టార్ ట్రెక్' కథాలోకమును మొత్తముగా ఈ ఆటలోనికి దింపిన 'న్యూ హొరైజన్స్' అట్టిది. ప్రక్షిప్తములని వీనిని తీసివేయరాదు. మూలపాఠమునకు కట్టిన వ్యాఖ్యానములివి. మూలము మాఱినప్పుడెల్ల వ్యాఖ్యాత తన గ్రంథమును తిరుగ వ్రాయవలెను. వేతనము లేని ఆ శ్రమను గూర్చి ఇరుపక్షములవారును తక్కువగా మాటలాడుదురు.

సమయము భంగమైనదా లేదా అని తేల్చువాడెవడు? ఈ ప్రశ్నకు తెలుగున అతిప్రాచీనమైన చర్చ నెల్లూరిలోనే, పెన్న యొడ్డుననే పుట్టినది. భారతకథకు కీలకము ఒక జూదము. రెండవమాఱు ఆడిన జూదపు ఒప్పందము పండ్రెండేండ్ల వనవాసము, ఒక యేటి అజ్ఞాతవాసము. ఆ యేటిలో బయటపడినచో తిరుగ పండ్రెండేండ్లు. ఆ జూదమును నన్నయ వ్రాసెను. దాని లెక్క తేలినది తిక్కన విరాటపర్వమున. ఉత్తరగోగ్రహణమున అర్జునుడు బయటపడగనే దుర్యోధనుడు గడువు తీరలేదనును. భీష్ముడు అయిదేండ్లకు రెండు అధికమాసములు వచ్చునని గణించి, గడువు తీరినదని తేల్చును. ఇందు విశేషము రెండు. ఒప్పందములో 'ఏడు' అను మాట యున్నది కాని ఏ మానముచే లెక్కింపవలెనో చెప్పబడలేదు. కలహమునకు ఎడమిచ్చినది ఆ మౌనమే. తీర్పు చెప్పిన భీష్ముడు కౌరవసేనలో నిలిచినవాడు. అయినను తన పక్షమునకు ప్రతికూలముగా చెప్పెను. దుర్యోధనుడు ఆ తీర్పును మన్నింపలేదు. తీర్పరి యెంతటివాడైనను, సమయమునకు విలువ ఇచ్చు మనసు ఆటగానికి లేనపుడు ఆట యుద్ధముగా మాఱుట తప్పలేదు.

నేటి ఆటలలో భీష్ముని స్థానమును ఏర్పఱచుటకు ప్రయత్నించినది నేనెఱిగినంతలో ఒక్క 'ఈవ్ ఆన్‌లైన్'. ఐస్‌లాండు రాజధాని రేక్యవీకులోని సి.సి.పి. సంస్థ 2003 మేలో దీనిని ప్రారంభించెను. చైనాకై వేఱుగా నడుపు విశ్వమును మినహాయించినచో ఆటగాండ్రందఱును ఒకే విశ్వమున నివసింతురు. వారి కూటములు, వారి వర్తకము, వారి ద్రోహములు అన్నియు ఆ యొక్క విశ్వపు చరిత్రలో చేరును. ఇట్టి ఆటకు పాతప్రతి ఉండుటకు వీలులేదు. గ్రామమునకు పాతప్రతి ఉండునా? గ్రామమున తగవు వచ్చినపుడు పంచాయతి కూర్చుండవలెను. 2008లో ఆటగాండ్రు వోట్లు వేసి ఎన్నుకొను ప్రతినిధిసభను ఆ సంస్థ ఏర్పఱచినది.

2011 జూనులో 'ఇన్‌కార్నా' అను క్రొత్త పాఠము వచ్చినది. దానితో ఆటలోని మూర్తులకు అలంకారవస్తువులు నిజమైన ధనమునకు అమ్మజూపబడినవి. అందు ఒంటికంటి అద్దమొకటి 60 డాలర్లకు మించిన వెల పలికినది. అదే సమయమున సంస్థలోని అంతరంగికపత్రిక యొకటి బయటపడి, ధనమునకు ఏయే వస్తువులు అమ్మవచ్చునను చర్చ లోకమునకు తెలిసినది. రేపు ఓడలను, ఆయుధములను కూడ అమ్ముదురేమో యను భయము పుట్టినది. వేలకొలది ఆటగాండ్రు ఆ విశ్వమునకు అంగడివీథియైన జీటా అను చోట గుమికూడి అక్కడి స్మారకచిహ్నముపై ఫిరంగులు పేల్చిరి. సంస్థ ప్రతినిధిసభను రేక్యవీకునకు పిలిపించి చర్చించి, ధనమునకు అమ్మునవి అలంకారములే కాని ఆటలో బలమునిచ్చునవి కావని ఉమ్మడి ప్రకటన చేసినది. అక్టోబరులో సంస్థ ముఖ్యాధికారి హిల్మర్ పేటుర్సన్ బహిరంగముగా క్షమాపణ చెప్పెను. ఆ నెలలోనే సంస్థ తన ఉద్యోగులలో అయిదవవంతు మందిని తొలగించినది.

ఈ వృత్తాంతమునకు ప్రక్కన మఱియొకటి పెట్టి చూడవలెను. 2014 జనవరి 27, 28 తేదీలలో ఆ విశ్వమునందే ఒక కూటమి తన స్థావరమునకు చెల్లింపవలసిన పన్ను సమయమునకు చెల్లక అధికారము జాఱిపోయినది. శత్రుకూటమి వచ్చి పడినది. 7,500 మందికి పైగా ఆటగాండ్రు పాల్గొన్న ఆ యుద్ధము ఇంచుమించు 21 గంటలు సాగెను. 'టైటన్' అను మహానౌకలు 75 నశించెను. నష్టము నిజధనమున మూడులక్షల డాలర్లని లెక్కకట్టిరి. ఒక లెక్కపొరపాటువలన ఇంత నష్టము వాటిల్లినను సంస్థమీద ఎవడును తిరుగబడలేదు. ఓడినవారుకూడ ఆ యుద్ధమును గర్వముగా చెప్పుకొనిరి. శిథిలములు స్మారకముగా నిలుపబడినవి. 60 డాలర్ల అద్దము తిరుగుబాటు తెచ్చినది, మూడులక్షల డాలర్ల నాశము వీరగాథ యైనది. ఆటగాండ్ర కోపమునకు కారణము నష్టమను సాధారణాభిప్రాయము ఇచట నిలువదు. యుద్ధమున సమయము చెడలేదు. పన్ను కట్టనివాడు పదవి కోల్పోవునను నియమము అందఱికిని ముందే తెలియును. అద్దము విషయమున చెడునని భయపడినది సమయమే: చేవతో సంపాదించినది మాత్రమే ఇచట బలమను ఒప్పందము.

ఆటగాండ్రను సమర్థించుచున్నానని ఎవరైన తలంచినచో అది పూర్ణసత్యము కాదు. వారు ఆశను ఆకాంక్షగా వేషము వేసి సభకు తెచ్చుట నిత్యము చూచుచున్నాము. తాను ఎన్నడో ఊహించుకొన్న ఆట రాలేదని 'మోసము' అని అఱచువాడు వాక్యములోని రావణుని బ్రదికింపుమను శ్రోత వంటివాడు. స్టీమ్ అంగడిలో ఆటపై అభిప్రాయము చెప్పుటకు వ్రేలు పైకెత్తుట, క్రిందికి దింపుట అను రెండు గుర్తులే కలవు. మార్పు మంచిదనియు, చేసిన రీతి అన్యాయమనియు ఒకేమాఱు చెప్పదలచినవానికి ఆ రెండింటిలో ఏదియు సరిపోదు. గుర్తు క్రింద వ్యాఖ్య వ్రాయుటకు చోటున్నను లెక్కకు వచ్చునది గుర్తే. ఇట్టి కొలబద్ద పక్షములను పుట్టించును కాని విమర్శను పుట్టింపదు. అందు మన యువకులు వ్రాయునదియు ఆంగ్లముననే. స్టెల్లారిస్‌కు తెలుగు పాఠము లేదు. ఇందుకూరుపేట గుడిసెలో తెలుగున జరిగిన వాదమునకు, ఆ యిద్దఱి విద్యకును, ఎక్కడను లిఖితసాక్ష్యము లేదు. ఇట్టి వాదములను సేకరించుట పరిశోధకవిద్యార్థులకు చేతనైన పనియే. పులిమేక నియమభేదములను ఊరూర సేకరించిన పద్ధతియే ఇందుకును చాలును.

తయారీదారుల వాదములో నాకు తృప్తి కలిగింపనిది ఒకటి కలదు. ఆట జీవించుచున్నదనియు, జీవించునది మాఱుననియు వారందురు. భాషకు ఈ మాట చెల్లును. గిడుగువారు భాషను గూర్చి వాదించినపుడు మార్పు జనుల నోళ్ళలో అదివఱకే జరిగినది, ఆయన దానిని గుర్తింపుమనెను. ఇచట మార్పు జరుగునది కర్మాగారమున. జనులు దానిని తరువాత నేర్వవలెను. రెండింటికిని జీవమను పేరు పెట్టుట పొరపాటు.

2025 మే 5న స్టెల్లారిస్ 4.0 పాఠము వెలువడినది. జనసంఖ్యను గణించు పద్ధతిని మరల మొదటినుండి కట్టిరి. ఆట చివరిదశలో కంప్యూటరు కుంటువడుట చిరకాలపు ఫిర్యాదు, దానిని తగ్గించుట ఒక ఉద్దేశము. విడుదలనాటికి అది పెక్కు దోషములతో వచ్చినదని ఆటగాండ్రు నిరసించిరి, సంస్థ వరుసగా సవరణలు పంపవలసివచ్చెను. ఈ నిరసనమున ఆశ పాలెంత, ఆకాంక్ష పాలెంత అని విడదీయుట అంత కష్టము కాదు. వేగము పెరుగునని సంస్థయే చెప్పినది, కనుక దానిని అడుగుట ఆకాంక్ష. 2018 నాటి గళ్ళపలక తిరిగి రావలెననుట ఆశ. మధ్య నిలిచినది వేఱొకటి యున్నది. పాత పాఠమున సగము నడచి భద్రపఱచిన ఆట క్రొత్త పాఠమున సాగదు. దానిని ముగింపగోరువాడు పాత పాఠమును తిరిగి తెచ్చుకొని ముగింపవలెను. 2018లో వర్మ్‌హోల్ కేంద్రములు కట్టుచు సగములో నిలిపిన ఇందుకూరుపేట బావ ఆట ఇప్పటికిని అతని యంత్రములో అట్లే యున్నది. బావమఱిది 4.0 ఆడుచున్నాడు.